విశాఖలో సెకండ్ హ్యాండ్ కార్ల షోరూమ్ పెట్టాలంటే: లైసెన్సులపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కార్ల వ్యాపారానికి 2023 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. అయినా మన ఊళ్లో ఆటో కన్సల్టెన్సీ పెట్టాలనుకునేవాళ్లు ఇప్పటికీ "జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు ఒక్కటి ఉంటే చాలు కదా" అనే అడుగుతున్నారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుండటంతో వాటిని దశలవారీగా ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పాత కార్లు అమ్మడానికి కూడా లైసెన్స్ కావాలా? ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే?

కావాలి. ఇంతకుముందు రవాణా శాఖ నిబంధనల్లో కొత్త బండ్ల డీలర్ల ప్రస్తావనే ఉండేది. పాత బండి చేతులు మారేటప్పుడు మధ్యలో ఉండే వ్యాపారి గురించి ఎక్కడా లేదు. 2022 డిసెంబరు 22న కేంద్ర రోడ్డు రవాణా శాఖ కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989ని సవరించి 55ఏ నుంచి 55హెచ్ వరకు కొత్త రూల్స్ చేర్చింది. వాటి ప్రకారం రిజిస్టర్ అయిన వాహనాలను కొని అమ్మే వ్యాపారి రిజిస్టరింగ్ అథారిటీ, అంటే మన భాషలో ఆర్టీఏ, దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఎంత పాత వ్యాపారికైనా ఇది వర్తిస్తుంది. "మా నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది" అన్నది మంచి పేరుకు పనికొస్తుంది గానీ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు.

ట్రేడ్ సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్స్, డీలర్ ఆథరైజేషన్... మూడూ ఒకటేనా?

కాదు. ట్రేడ్ సర్టిఫికెట్ ఇంకా రిజిస్టర్ కాని కొత్త బండ్ల కోసం రవాణా శాఖ ఇచ్చేది. పాత కార్ల వ్యాపారికి దానితో పని లేదు. ట్రేడ్ లైసెన్సు ఫలానా చోట ఫలానా వ్యాపారం చేసుకోవచ్చని నగరపాలక సంస్థ ఇచ్చేది. డీలర్ ఆథరైజేషన్ అంటే పాత వాహనాల వ్యాపారికి రవాణా శాఖ ఇచ్చే అనుమతి. మీకు చివరి రెండూ కావాలి. ఒకటి ఉంది కాబట్టి రెండోది అక్కర్లేదనుకోకండి.

నాకు షోరూమ్ లేదు. అమ్మేవాళ్లని, కొనేవాళ్లని కలిపి కమీషన్ తీసుకుంటాను. నాకూ కావాలా?

ఇక్కడ చూడాల్సింది బండి ఎవరి ఆధీనంలో ఉందన్నది. ఓనర్ ఇంటి ముందే కారు చూపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, కాగితాలు వాళ్ల మధ్యే జరిగేలా చేస్తే అది పరిచయం వరకే. తాళాలు, ఆర్సీ తీసుకుని కారును మీ దగ్గర పెట్టుకున్న క్షణం నుంచి మీరు డీలరు పని చేస్తున్నట్టే. చాలామంది బ్రోకర్లు మొదటి రకం అనుకుంటూనే రెండో రకం పని చేస్తున్నారు. ఆ బండితో ఏదైనా జరిగితే చేతిలో ఏ కాగితమూ లేక ఇరుక్కునేది వాళ్లే. ఈ పనే జీవనాధారమైతే ఆథరైజేషన్ తీసుకోండి.

నా సొంత కారు అమ్ముకోవాలి. నాకు ఇదంతా అవసరమా?

అవసరం లేదు. ఇవి వ్యాపారంగా కొని అమ్మేవాళ్లకే.

## చోటు, సంస్థ

షాపు ఎక్కడ పెడితే మంచిది? ఖాళీ స్థలంలో షెడ్డు వేసి నడపొచ్చా?

ఎన్ఏడీ, మర్రిపాలెం, గాజువాక, మధురవాడ అంటూ అందరూ మెయిన్ రోడ్డు ముఖమే చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది ఆ స్థలం వినియోగం. నివాస ప్రాంతమా, వాణిజ్య ప్రాంతమా అన్నది మాస్టర్ ప్లాన్‌లో ఉంటుంది. షెడ్డుకు కూడా అనుమతి కావాలి. అద్దె తక్కువని ఒప్పుకుని, అడ్వాన్సు ఇచ్చేశాక, ఆ స్థలంలో వాణిజ్య అనుమతి రాదని తెలిస్తే ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడమే పెద్ద పని. టౌన్ ప్లానింగ్‌లో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఎన్ని కార్లు లోపల పడతాయో ముందే కొలుచుకోండి. పడనివాటిని సర్వీసు రోడ్డు మీద వరుసగా పెట్టి అమ్మడం కుదరదు. అది అందరికీ చెందిన రోడ్డు. ట్రాఫిక్ పోలీసులు ఎత్తుకెళ్లకపోయినా పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు.

అనకాపల్లిలో పెడితే ఏ ఆఫీసుకి వెళ్లాలి?

ఇక్కడ చాలామంది తికమకపడుతున్నారు. అనకాపల్లి పట్టణం 2013లో జీవీఎంసీలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక మాత్రం అది వేరే జిల్లా. అంటే ట్రేడ్ లైసెన్సుకు జీవీఎంసీ అయినా, డీలర్ ఆథరైజేషన్‌కు అనకాపల్లి జిల్లా రవాణా శాఖ కార్యాలయం. భీమిలి కూడా అప్పుడే జీవీఎంసీలో కలిసింది గానీ అది విశాఖ జిల్లాలోనే ఉంది.

అద్దె అగ్రిమెంటు 11 నెలలకి రాసుకుంటే సరిపోతుందా?

ఏడాది దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని అందరూ అలాగే రాసుకుంటారు, కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఏ లీజునైనా రిజిస్టర్ చేయించాల్సిందే. పైగా మీ ఆథరైజేషన్ 5 ఏళ్లది. ఆ అనుమతి ఈ చిరునామా మీదే ఉంటుంది. 11 నెలలకోసారి ఓనరు దయ మీద ఆధారపడేకన్నా, స్టాంపు డ్యూటీ భరించి అయినా పొడవాటి లీజు రిజిస్టర్ చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. పాత వాహనాల వ్యాపారానికే ఇస్తున్నట్టు అగ్రిమెంటులో స్పష్టంగా రాయించండి.

సొంత పేరు మీద పెట్టాలా, పార్ట్‌నర్‌షిప్పా?

ఒక్కరే అయితే సొంత పేరు మీద, అంటే ప్రొప్రయిటర్‌గా మొదలుపెట్టడం తేలిక. బావమరిదో స్నేహితుడో డబ్బు పెడుతున్నాడంటే నోటి మాట మీద నడపకండి. డీడ్ రాసుకుని ఫర్మ్‌ని రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్ తనకు రావలసిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. పేరు విషయంలో ఒక్క జాగ్రత్త: పాన్, జీఎస్టీ, ట్రేడ్ లైసెన్స్, బ్యాంకు ఖాతా, ఆర్టీఏ దరఖాస్తు అన్నిటిలో ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట "శ్రీ సాయి కార్స్", ఇంకోచోట "సాయి కార్స్" అని ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

ఇంకా ఏవేవి తీసుకోవాలి?

షాపు మొదలుపెట్టిన 30 రోజుల్లోగా ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద కార్మిక శాఖలో నమోదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్. వృత్తి పన్ను. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసుకోండి. 2021 జులై నుంచి చిల్లర, టోకు వ్యాపారులకూ ఆ అవకాశం ఉంది. డబ్బు తీసుకోరు. బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు ఉపయోగపడుతుంది.

## ఆర్టీఏ దగ్గర ఆథరైజేషన్

ఎక్కడ, ఎలా అప్లై చేయాలి?

ఫారం 29ఏలో దరఖాస్తు పెట్టాలి. షాపు ఏ రిజిస్టరింగ్ అథారిటీ పరిధిలో ఉంటే అక్కడికే వెళ్తుంది. నగరంలో రవాణా శాఖ పెద్ద ఆఫీసు మాధవధారలో ఉంది, గాజువాక వైపు వాళ్లకు అక్కడే యూనిట్ ఆఫీసు ఉంది. మీ చిరునామా ఎవరి కిందకి వస్తుందో ముందుగా అడిగి తెలుసుకోండి. అనుమతి వస్తే ఫారం 29బీలో సర్టిఫికెట్ ఇస్తారు.

పాన్, ఆధార్, స్థలం కాగితాలు లేదా లీజు, జీఎస్టీ, ట్రేడ్ లైసెన్సు, ఫర్మ్ అయితే డీడ్ దగ్గర పెట్టుకోండి. షాపు, పార్కింగ్ స్థలం ఫొటోలు కూడా తీసి ఉంచండి.

ఫీజు ఎంత? ఎన్నేళ్లు చెల్లుతుంది?

ప్రభుత్వ ఫీజు రూ.25,000. ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లు చెల్లుతుంది. ఏడాదికి రూ.5,000 అన్నమాట. ఒక్క కారు మీద వచ్చే లాభంతో పోల్చినా ఇది పెద్ద బరువు కాదు. దీన్ని తప్పించుకోవాలని చూడటంలో అర్థం లేదు.

ఎన్ని రోజులు పడుతుంది? ఏజెంటు పట్టుకోవాలా?

దరఖాస్తు అందాక 30 రోజుల్లో ఇవ్వడమో తిరస్కరించడమో చేయాలని నిబంధన. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, మీ వాదన వినాలి. కాగితాలు సరిగ్గా ఉంటే ఏజెంటు అవసరం లేదు. మీ తరఫున ఇంకెవరైనా పెట్టినా సరే, దరఖాస్తులో మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ మీవే ఇవ్వండి. ఆ తర్వాత ప్రతి కారుకూ ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. ఏజెంటు నంబరు ఉంటే మీ వ్యాపారం తాళాలు ఆయన దగ్గర ఉన్నట్టే.

## కారు తీసుకునేటప్పుడు

కారు నా దగ్గరికి రాగానే ముందుగా ఏం చేయాలి?

ఫారం 29సీ. ఓనరు తన వాహనాన్ని ఫలానా ఆథరైజ్డ్ డీలరుకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేసే ఫారం ఇది. ఇద్దరూ ఎలక్ట్రానిక్ సంతకం చేయాలి. అది అందిన దగ్గర్నుంచి ఆ కారుకు మీరే ఓనరుగా లెక్క. ఆ తర్వాత దానితో జరిగే ప్రతిదానికీ బాధ్యత మీదే.

ఇది విని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. నిజానికి ఈ మొత్తం వ్యవస్థలో మీకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఈ ఒక్క ఫారమే. కారు మీ దగ్గరికి వచ్చిన తేదీ, సమయం ప్రభుత్వ రికార్డులో ఉంటాయి. నిన్న ఆ బండి ఎక్కడో గుద్దిందని రేపు పోలీసులు వస్తే, అప్పటికి అది మీ దగ్గర లేదని చూపించడానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు. అమ్మే మనిషికీ అంతే ధీమా. "సార్, ఈ నిమిషం నుంచి మీ బండి బాధ్యత మాది" అని చెప్పగలిగే డీలరుకే మంచి కార్లు వస్తాయి. సాయంత్రం చేద్దాం, అమ్ముడయ్యాక చేద్దాం అని వాయిదా వేయకండి. తాళాలు తీసుకునే ముందే ఓనరు ఎదురుగా పూర్తి చేయండి.

పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాలను ఖాళీగా ఉంచి ఓనరు సంతకం పెట్టి ఇచ్చేస్తే చాలదా? అందరూ అదే చేస్తున్నారు.

అందరూ చేసేదే, అందుకే ఇన్ని కేసులు. ఖాళీ సంతకాలతో బండి నలుగురి చేతులు మారుతుంది, ఆర్సీలో పేరు మాత్రం మొదటి ఓనరుదే. అలా చేతులు మారిన కారు ప్రమాదం చేసిన కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది: రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదే అని. ఎప్పుడో బండి అమ్మేసి మరిచిపోయిన రిటైర్డ్ ఉద్యోగి లక్షల పరిహారం నోటీసు అందుకుంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఇది డీలరుగా మీరు ఆపగలిగిన అన్యాయం.

ఏమేం చెక్ చేయాలి?

ఆర్సీలో ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరినట్టు చూపే ఫారం 35 లేకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు చూడండి. దొంగ బండా అన్నది జాతీయ నేర రికార్డుల సంస్థ పోర్టల్, ఎన్‌సీఆర్‌బీ వాహన్ సమన్వయ్‌లో తెలుసుకోవచ్చు. దొంగ సొత్తని తెలిసో, అలా నమ్మే కారణం ఉండో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం.

విశాఖలో ఇంకొకటి తప్పదు, తుప్పు. సముద్రపు గాలికి పైన పెయింటు మెరుస్తున్నా కింద సబ్‌ఫ్రేమ్, సైలెన్సర్, డోర్ల అడుగు అంచులు తినేసి ఉంటాయి. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలబెట్టిన కార్లయితే మరీ ఎక్కువ. ఏపీ 31 నంబరుతో 2014కు ముందువి వస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బండి ఎక్కడుందో అడగండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర తెప్పించుకోండి. లిఫ్టు మీద ఎక్కించకుండా ధర చెప్పొద్దు.

నేవీ ఆఫీసర్ల దగ్గర బీహెచ్ నంబరు కార్లు వస్తున్నాయి. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే కాబట్టి బదిలీల సమయంలో ఇలాంటివి చాలా వస్తాయి, బాగా చూసుకున్న కార్లు కూడా. అయితే రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కర్లేకుండా 2021లో వచ్చిన ఈ బీహెచ్ (భారత్) సిరీస్‌లో జీవితకాల పన్ను కట్టి ఉండరు, రెండేళ్లకోసారి కడతారు. కొనే వ్యక్తికి బీహెచ్ అర్హత లేకపోతే మామూలు రాష్ట్ర నంబరుకు మార్చి ఇక్కడి పన్ను కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో ధర మాట్లాడేటప్పుడే తేల్చండి.

ఢిల్లీ కార్లు చాలా చవకగా వస్తున్నాయంటున్నారు?

చవక ఎందుకంటే ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు వచ్చాయి, 2025లో సుప్రీంకోర్టు వాటిని కొంత సడలించింది. ఆ ఊరి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, ముందు చేతికి రావాలి. ఆ తర్వాత ఇక్కడ జీవితకాల పన్ను, కొత్త నంబరు, రవాణా ఖర్చు కలపండి. అన్నీ కలిపాక చాలా కార్లు ఇక్కడి ధరకే వచ్చి ఆగుతాయి. ఒడిశా, తెలంగాణ కార్లకూ ఇదే లెక్క, దూరం తక్కువ అంతే.

## కారు యార్డులో ఉన్నప్పుడు

స్టాకులో ఉన్న కారును నేను వాడుకోవచ్చా?

సొంత పనులకు కూడదు. కొనేవాళ్లకు ట్రయల్ చూపడానికి, రిపేరుకు, పెయింటింగ్‌కు, సర్వీసింగ్‌కు, ఇన్‌స్పెక్షన్‌కు మాత్రమే రోడ్డెక్కాలి. ప్రతి ట్రిప్పునూ ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో నమోదు చేయాలి: ఎందుకు, ఎవరు నడిపారు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లు. కుర్రాడు టీ తేవడానికి స్టాకు కారేసుకుని వెళ్లే అలవాటును మొదటి రోజే ఆపండి. ఆ పది నిమిషాల్లో ప్రమాదం జరిగితే చట్టం దృష్టిలో ఆ కారు మీదే.

ఇన్సూరెన్స్ అయిపోయిన కారు యార్డులోనే ఉంటుంది కదా, ట్రయల్‌కి ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. థర్డ్ పార్టీ లేని బండి పబ్లిక్ రోడ్డెక్కకూడదు, ట్రయల్ అయినా సరే. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి.

ఆర్సీ పోయింది, లేదా 15 ఏళ్లు నిండాయి. ఓనరునే తిప్పాలా?

అక్కర్లేదు. మీ ఆధీనంలో ఉన్న కారుకు ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ రెన్యువల్, డూప్లికేట్ ఆర్సీ, ఎన్‌ఓసీ, పేరు మార్పు కోసం ఆథరైజ్డ్ డీలరుగా మీరే దరఖాస్తు పెట్టవచ్చు. అనుమతి లేని బ్రోకరుకు ఈ హక్కు లేదు.

## అమ్మేటప్పుడు

పేరు మార్పు ఎవరి పని? కొన్నవాళ్లు తర్వాత చేయించుకుంటామంటే?

మీ పని అనుకోండి. పేరు మారేదాకా ఓనరు లెక్కలో మీరే ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ ఖర్చు ధరలో కలిపి, దరఖాస్తు వెళ్లాకే డెలివరీ ఇవ్వడం పద్ధతిగా పెట్టుకోండి. "ముహూర్తం ఈ రోజే, బండి ఇప్పుడే కావాలి" అనే కస్టమర్ల కోసం కాగితాలు ఒక రోజు ముందే సిద్ధం చేయండి. ముహూర్తం తప్పదు, పేరు మార్పూ ఆగదు.

ఇన్సూరెన్స్ కూడా కొన్నవాళ్ల పేరు మీదికి మార్చాలి. దానికి గడువు 14 రోజులు. నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది పాత ఓనరుదే. పాత ఓనరు ఫాస్టాగ్ మూయించాడో లేదో చూడండి, లేకపోతే టోల్ ఆయన ఖాతాలో పడుతూ ఉంటుంది.

కిలోమీటర్లు తగ్గించి అమ్మితే ఏమవుతుంది? మార్కెట్లో మామూలే అంటారు.

అది మోసం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి. జిల్లా కమిషన్‌కు వెళ్తే కారు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమనడంతో పాటు నష్టపరిహారం కూడా వేయొచ్చు. సర్వీస్ హిస్టరీ కంపెనీ దగ్గర ఉంటుంది కాబట్టి బయటపడటం కష్టమేమీ కాదు. తిరిగిన కిలోమీటర్లు, జరిగిన యాక్సిడెంటు, మార్చిన భాగాలు డెలివరీ నోట్‌లో రాసి ఇద్దరూ సంతకం చేయండి. లక్షా ఇరవై వేలు తిరిగిన కారును అదే చెప్పి అమ్మితే కొనేవాళ్లు ఉన్నారు, తగిన ధర పెడితే చాలు.

## పన్నులు, డబ్బు

జీఎస్టీ మొత్తం ధర మీద కట్టాలా?

లేదు, మార్జిన్ మీదే. 2025 జనవరి నుంచి పాత కార్లన్నిటికీ రేటు 18 శాతం. అంతకుముందు చిన్న కార్లకు 12 శాతం ఉండేది. ఉదాహరణకు రూ.3,50,000కు కొని రూ.4,00,000కు అమ్మారు. తేడా రూ.50,000. దాని మీద రూ.9,000 పన్ను. నష్టానికి అమ్మితే ఆ కారు మీద జీఎస్టీ లేదు. ఈ పద్ధతి వాడాలంటే ఆ కారు కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం) తీసుకుని ఉండకూడదు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడ: రిపేరుకు పెట్టిన ఖర్చు ఈ తేడాలోంచి తగ్గదు. పై కారుకే టైర్లు, డెంటింగ్ కలిపి రూ.30,000 అయిందనుకోండి, మీ చేతిలో మిగిలేది రూ.20,000, పన్ను మాత్రం రూ.9,000. అందుకని రిపేరు అంచనా వేసి, అంత తగ్గించి కొనండి.

నగదు ఎంత వరకు తీసుకోవచ్చు?

ఒక లావాదేవీలో రూ.2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మీరు ఇచ్చేటప్పుడు ఒకరికి ఒక రోజులో రూ.10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. రెండూ బ్యాంకు ద్వారానే నడపండి. రూ.10 లక్షలు దాటిన కారు అమ్మితే కొనేవాళ్ల దగ్గర 1 శాతం టీసీఎస్ (అమ్మేవారే వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టేది) వసూలు చేయాలి. దీన్ని ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి.

## అనుమతి వచ్చిన తర్వాత

సర్టిఫికెట్ రద్దయ్యే అవకాశం ఉందా?

ఉంది. నిబంధనలు పాటించకపోతే రిజిస్టరింగ్ అథారిటీ సస్పెండ్ చేయవచ్చు, రద్దు చేయవచ్చు. ఆ నిర్ణయం మీద అప్పీలుకు వెళ్లే హక్కు మీకుంది. తనిఖీకి వస్తే మొదట అడిగేవి స్టాకులో ఉన్న కార్ల 29సీ వివరాలు, ట్రిప్ రిజిస్టర్. యార్డులో పది కార్లుండి పోర్టల్‌లో ఆరే కనిపిస్తే మిగతా నాలుగింటికీ జవాబు చెప్పాలి.

రెన్యువల్ ఎలా?

అదే ఫారం 29ఏ, అదే ఫీజు. 5 ఏళ్లు నిండకముందే పెట్టాలి. అప్పటికి లీజు, ట్రేడ్ లైసెన్సు కూడా నడుస్తూ ఉండాలి. ట్రేడ్ లైసెన్సు ఆర్థిక సంవత్సరానికే ఇస్తారు కాబట్టి ఏటా మార్చిలోపు కట్టేయండి.